యాభై దాటిన నర్సులు ఇబ్బంది లేకుండా డ్యూటీ చేయాలంటే వార్డులో ఏం మార్చాలి?

ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. పాతికేళ్లకు స్టాఫ్ నర్సుగా చేరినామె ముప్పై అయిదేళ్లకు పైగా వార్డులో నిలబడాలన్నమాట. ఈలోగా మోకాళ్లు అరుగుతాయి, నడుము పట్టేస్తుంది, చత్వారం వస్తుంది. "వయసైపోయింది, ఇక చేయలేదు" అనేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది. చాలాసార్లు లోపం పని పంచిన తీరులోనే ఉంటుంది. మీరు వార్డు ఇన్‌చార్జో, నర్సింగ్ సూపరింటెండెంటో అయితే దాన్ని మార్చడం మీ చేతిలో పనే.

ముందు అడగండి. పని చేసే సత్తాను కొలిచే ప్రశ్నావళి ఒకటుంది, ఫిన్లాండ్‌లో 1980లలో తయారైన వర్క్ ఎబిలిటీ ఇండెక్స్. అందులో ఒక తేలికైన ప్రశ్న ఉంది: మీరు బాగా పనిచేసిన రోజులకు 10 మార్కులైతే, ఇప్పుడు మీకు మీరు ఎన్ని వేసుకుంటారు? దీన్ని నలుగురిలో అడక్కండి. బదిలీ చేస్తారేమోనన్న టెన్షన్‌తో "బానే ఉన్నానండీ" అనేస్తారు. విడిగా కూర్చోబెట్టి, ఏ పని దగ్గర కష్టంగా ఉందో చెప్పించుకోండి.

తర్వాత బరువుల సంగతి. పేషెంట్‌ను చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద 35 పౌండ్లకు, అంటే దాదాపు 16 కిలోలకు మించి బరువు పడకూడదని ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెబుతుంది. మన వార్డుల్లో అరవై కిలోల మనిషిని ఒక్క సిస్టరే పైకి జరుపుతుంటుంది. ఇలా చేయించండి: మంచం చక్రాలకు బ్రేకు వేయాలి. ఎత్తు పెంచే వీలుంటే నడుము దాకా పెంచాలి. పేషెంట్ కింద డ్రా షీట్, అంటే జరపడానికి అడ్డంగా వేసే దుప్పటి, పరచాలి. చెరోవైపు ఇద్దరు నిలబడి, షీటు అంచులు దగ్గరగా చుట్టి పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అంటూ ఎత్తకుండా జరపాలి. పేషెంట్‌కు ఓపికుంటే మోకాళ్లు మడిచి పాదాలతో పరుపును నెట్టమనాలి. రెండో మనిషి వచ్చేదాకా ఆగమని మీరే గట్టిగా చెప్పండి.

నైట్ డ్యూటీలు వారమంతా ఒకే దఫా వేయకండి. రెండు మూడు రాత్రులు చాలు, ఆ తర్వాత ఆఫ్ ఇవ్వండి. ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరసలో షిఫ్టులు తిరిగితే నిద్ర అంతగా చెడదు. నెలసరి ఆగే వయసులో ఆవిర్లు వచ్చేవాళ్లకు ఫ్యాన్ దగ్గర చోటు ఇవ్వండి.

మందుల ట్రాలీకి మంచి లైటు, ఒక భూతద్దం పెట్టించండి. తెల్లవారుజామున మూడింటికి ఆంపూల్‌ను (ఇంజెక్షన్ మందుండే చిన్న గాజు సీసాను) ట్యూబ్‌లైట్ కిందకు తీసుకెళ్లి, చెయ్యి చాచి పేరు చదవాల్సిన అవస్థ ఆమెకు ఉండకూడదు. అది పేషెంట్‌కూ ప్రమాదం.

ఇక ఆమె దగ్గరున్న విద్య. విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకు నరం దొరక్కపోతే అందరూ పెద్ద సిస్టర్‌నే పిలుస్తారు. ఆమె ఆ చిన్న చేతిని అరచేతిలోకి తీసుకుని, వేలికొసతో మెల్లగా తడిమి, ఒక్కసారికే కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం) వేస్తుంది. కొత్తవాళ్లు అది నేర్చుకోవాలంటే ఆమెకు తీరిక కావాలి. వారానికి ఒక గంటైనా డ్యూటీ చార్టులో ఆమె పేరు మీద రాసిపెట్టండి. ఆ గంటలో ఆమె బెడ్లు ఎవరు చూసుకోవాలో కూడా పక్కనే రాయండి.