ముఖం ఆపరేషన్ చూడటానికి ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోకి వెళ్లే ముందు

విశాఖలో కేజీహెచ్‌లో గానీ, మరో ఆసుపత్రిలో గానీ ప్లాస్టిక్ సర్జరీ పోస్టింగ్ మొదలయ్యే విద్యార్థులు ముందు చూసుకోవాల్సింది హెపటైటిస్-బి టీకా. 0, 1, 6 నెలల్లో మూడు డోసులూ పడ్డాయా? లేకపోతే మొదటిది ఇవాళే వేయించుకోండి.

ఓటీ రోజు టిఫిన్ మానొద్దు. మన ఊరి ఉక్కలో చెమటోడుతూ వచ్చి, ఖాళీ కడుపుతో గంటల తరబడి నిలబడితే కళ్లు తిరుగుతాయి. మోకాళ్లు బిగించకుండా పిక్కలు కదుపుతూ ఉండండి. చెవుల్లో హోరు, చల్లటి చెమట మొదలైతే పనిముట్ల ట్రాలీ పట్టుకోవద్దు, వెనక్కి జరిగి నేల మీద కూర్చోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. స్క్రబ్ కాని వాళ్లు (చేతులు కడిగి స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకోనివాళ్లు) స్టెరైల్ (క్రిములు లేని) గుడ్డ పరిచిన చోటికి కనీసం అడుగు దూరంలో ఉండాలి, రెండు ట్రాలీల మధ్య నుంచి నడవకూడదు.

అసలు పాఠం కత్తి పెట్టకముందే అయిపోతుంది, చాలామంది ఆ సమయానికి ఇంకా బట్టలు మార్చుకుంటూ ఉంటారు. యాక్సిడెంట్‌లో చెంప తెగిన మనిషిని మత్తు సూది వేయకముందే కనుబొమలు ఎత్తమంటారు, కళ్లు గట్టిగా మూయమంటారు, పళ్లు చూపించమంటారు. ఆ సూదిలోని మత్తుమందు లిగ్నోకెయిన్ పడితే ముఖాన్ని కదిలించే నరం (ఫేషియల్ నర్వ్) కాసేపు పనిచేయకపోవచ్చు. అప్పుడు నరం తెగిందా, మత్తు వల్లా అన్నది తేలదు. పెదవి తెగితే చర్మం, ఎరుపు కలిసే అంచును సూదికి ముందే గుర్తు పెడతారు. మందు ఎక్కాక పెదవి ఉబ్బి, పాలిపోయి ఆ గీత కనబడదు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల చూపు దాని మీదే పడుతుంది. మొదటి కుట్టు ఆ అంచుకే ఎందుకు వేస్తారో గమనించండి.

మత్తు మోతాదు మీరూ లెక్క కట్టండి. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ కిలోకి 7 మి.గ్రా. దాటకూడదు. 60 కిలోల మనిషికి 420 మి.గ్రా., అంటే 2 శాతం మందు 21 మి.లీ. మెలకువగా ఉన్న పేషెంటు మీ ప్రతి మాటా వింటారు, "అబ్బో, ఎంత లోతో" అనకండి. ముక్కు దగ్గర ఆక్సిజన్ పారుతుండగా కాటరీ (కరెంటు వేడితో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడితే నిప్పంటుకోవచ్చు, స్పిరిట్ ఆరకపోయినా అంతే.

ఫోటోలు రాతపూర్వక అనుమతి లేకుండా తీయొద్దు. కళ్ల మీద నల్లగీత పెట్టినా తెలిసినవాళ్లు గుర్తుపడతారు.

కుట్టు అలవాటుకి స్కిన్‌తో ఉన్న చికెన్ లెగ్ పీసు చాలు. సూది మొన నుంచి మూడింట రెండొంతులు వెనక నీడిల్ హోల్డర్‌తో (సూదిని పట్టే పనిముట్టుతో) పట్టండి, దారం దగ్గర పట్టుకుంటే సూది వంగిపోతుంది. చర్మంలోకి నిటారుగా దిగాలి, అంచులు కాస్త పైకి లేవాలి. లోపలికి మడిచి కుడితే మానాక గాడి పడుతుంది. ముఖానికి 6-0 నైలాన్ (చాలా సన్నటి దారం), గాయం అంచుకు సుమారు 2 మి.మీ. దూరం. ఐదో రోజు అటూఇటూగా కుట్లు తీస్తారు, ఆలస్యమైతే నిచ్చెన మెట్లలా మచ్చలు మిగులుతాయి. అయ్యాక ఆ ముక్క పారేయండి, వండొద్దు.

ఓటీలో సూది గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు నీళ్లతో కడిగి వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు.