ఏడాదిలో ధరలు ఎంత పెరిగాయి? దేశం లెక్క, వరంగల్ ఇంటి లెక్క

దేశానికంతటికీ కలిపి ప్రకటించే ద్రవ్యోల్బణం శాతానికీ, హనుమకొండలో కిరాయికి ఉండే కుటుంబం నెల ఖర్చుకూ పొంతన లేదని చాలామంది అంటుంటారు. రెండూ నిజమే కావచ్చు. రెండింటినీ ఒకే పద్ధతిలో లెక్కగడితే తేడా ఎక్కడుందో తేలిపోతుంది.

ముందుగా జాతీయ గణాంక కార్యాలయం ప్రతి నెలా విడుదల చేసే వినియోగదారుల ధరల సూచీలో మీకు కావలసిన నెల అంకెనూ, ఏడాది కిందటి అదే నెల అంకెనూ రాసుకోండి. 2012 నాటి ధరలను 100గా తీసుకుని లెక్కగట్టిన సూచీ శ్రేణిలో, తొలుత ప్రకటించిన అంకెల ప్రకారం, 2022 జులై సూచీ 173.4 కాగా 2023 జులై సూచీ 186.3. తేడా అయిన 12.9ని పాత అంకెతో, అంటే 173.4తో భాగించి 100తో గుణిస్తే 7.44 శాతం వస్తుంది. అదే ఆ నెల ద్రవ్యోల్బణం. టమాట ధర మండిపోయిన నెల అది. రెండు అంకెలూ ఒకే శ్రేణిలోనివై ఉండాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. 2024 జులైలో ద్రవ్యోల్బణం సుమారు 3.5 శాతానికి దిగింది గానీ, ధరలు తగ్గలేదు. అప్పటికే పెరిగి ఉన్న ధర మీద మరికొంత పెరిగాయి. 2022 జులైలో 100 రూపాయలకు వచ్చిన సరుకుల మూటకు రెండేళ్ల తరువాత 111 రూపాయలకు పైగా పెట్టవలసి వచ్చింది. కాబట్టి ఒక్క ఏడాది శాతం చూసి తృప్తిపడకుండా, దాని ముందటి ఏడాదిని కూడా పక్కన పెట్టి చూడడం మంచిది.

ఇక ఇంటి లెక్క. నిరుడు నెలకు తిండికి 9,000, కిరాయికి 6,000, మిగతా వాటికి 5,000 రూపాయలు ఖర్చయ్యాయనుకుందాం. వాటి ధరలు వరుసగా 8, 5, 2 శాతం పెరిగితే అదనపు భారం 720, 300, 100 కలిపి 1,120 రూపాయలు. 20,000 మీద అది 5.6 శాతం. మూడు శాతాలను ఊరికే కూడి మూడుతో భాగిస్తే 5 శాతమే వస్తుంది, అది తప్పు. ఎక్కువ ఖర్చయ్యే పద్దుకు ఎక్కువ బరువు ఉండాలి. అదే 2012 శ్రేణిలో ఆహార పానీయాల వాటా పల్లెల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29 శాతం, పరకాల దగ్గరి పల్లెకూ హనుమకొండకూ లెక్క తేడా రావడానికి ఇదొక పెద్ద కారణం.

ధరలు మీరు సరుకు కొనే కిరాణా కొట్టువే తీసుకోవాలి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి క్వింటాల్ ధర టోకు ధర. ఎండుమిర్చి కిలోకు మీరు చెల్లించినదే ఈ లెక్కకు పనికివస్తుంది. పరిమాణాన్ని మాత్రం మార్చకండి: 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం రావడంతో బయట బియ్యం కొనడం తగ్గించిన ఇంట్లో ఖర్చు తగ్గింది, కానీ కొట్టులో బియ్యం ధర తగ్గినట్టు కాదు. ఆ ఆదాను వేరే పద్దులో రాసుకుని, ధరల లెక్కలో కిలో ధరనే కిలో ధరతో పోల్చండి.