మంచం పట్టిన పెద్దవారికి ఇంట్లో చేయవలసిన రోజువారీ సేవ

పక్షవాతంతోనో, తుంటి ఎముక విరిగో మంచం పట్టిన పెద్దవారిని విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఉన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చేటప్పుడు మందుల చీటీ చేతికి అందుతుంది గాని, మర్నాడు ఉదయం వారికి ఒళ్లు ఎలా తుడవాలో, నోరు ఎలా శుభ్రం చేయాలో ఆ చీటీలో ఉండదు. కుడివైపు పక్షవాతం వచ్చిన మా అత్తగారికి విజయవాడలోని మా ఇంట్లో నాలుగేళ్లు సేవ చేసిన అనుభవంతోనూ, ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ఒక నర్సమ్మగారు ఓపికగా నేర్పిన పద్ధతులతోనూ ఈ వివరాలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నేర్చుకోవలసినది, చెప్పకుండా రోగి ఒంటి మీద చేయి వేయకపోవడం. "అత్తయ్యా, ఇప్పుడు ఎడమ పక్కకు తిప్పుతాను" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ తరువాతే తిప్పాలి. కుడివైపు పడిపోయినవారిలో చాలామందికి మాట కూడా పడిపోతుంది గాని, మాట పోయినంత మాత్రాన వినికిడి పోదు, సిగ్గూ పోదు. కళ్లతోనో, బాగున్న చేతితోనో వారు బదులు చెప్పడానికి వ్యవధి ఇవ్వాలి. అలాగే వారు చేసుకోగలిగిన పనిని మనం లాక్కోకూడదు. తడిగుడ్డ ఎడమచేతికి ఇస్తే మా అత్తగారు తన ముఖం తానే తుడుచుకునేవారు. నేను రెండు నిమిషాల్లో చేసే పనికి ఆమెకు పది నిమిషాలు పట్టేది, కానీ ఆ పది నిమిషాలే ఆమెకు ఆనాటి వ్యాయామం.

స్నానాల గదికి తీసుకువెళ్లలేని వారికి పక్క మీదనే ఒళ్లు తుడవాలి. తలుపు మూసి, ఫ్యాను ఆపి, రెండు బేసిన్లు, నాలుగైదు మెత్తని గుడ్డలు, పొడి తువాలు, మార్చవలసిన బట్టలు ముందే దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే ఒంటి మీద బట్ట లేని మనిషిని వదిలి సబ్బు కోసం వంటింట్లోకి పరుగెత్తడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పక్క తడవకుండా రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి పరవాలి. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేతితో చూడాలి, ఎందుకంటే రోజంతా పనిచేసే అరచేతికి వేడి సరిగా తెలియదు. మధుమేహం ఉన్నవారికీ, పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ లేనివారికీ వేడి తగిలినా తెలియక చర్మం కాలిపోవచ్చు.

ఒంటినంతా దుప్పటితో కప్పి ఉంచి, ఏ భాగం తుడుస్తున్నామో ఆ భాగం మీద మాత్రమే దుప్పటి తొలగించాలి. మొదట సబ్బు లేకుండా కళ్లు తుడవాలి. ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకు తుడుస్తూ, రెండో కంటికి గుడ్డ మరో అంచు వాడాలి. తరువాత ముఖం, మెడ, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్లు, ఆపై పక్కకు తిప్పి వీపు తుడవాలి. మర్మాంగాలను చివరగా, నీళ్లూ గుడ్డా మార్చి శుభ్రం చేయాలి. ఆడవారికి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మలంలోని క్రిములు మూత్రమార్గంలోకి చేరతాయి. ఈ పని కొడుకు చేతుల మీదుగా జరగడం చాలామంది తల్లులు భరించలేరు, కోడలి చేత చేయించుకోవడం మామగార్లకూ అంతే కష్టం. వీలైనంత వరకు ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు చేసేటట్లు ఏర్పాటు చేసుకోవాలి. కుదరనప్పుడు వారిని అడిగి, ఒప్పుకున్నాకే చేయాలి.

మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీల దాకా వెళ్లే రోజుల్లో, అది తగ్గాక కూడా వదలని ఉక్కపోతలో, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మోకాళ్ల వెనుక చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది. ఆ రోజుల్లో సాయంత్రం కూడా ఒకసారి తుడిచి, మడతలను రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. చాలామంది పౌడరు దట్టంగా చల్లుతారు గాని, అది చెమటతో కలిసి ముద్దకట్టి మరింత ఒరిపిడి కలిగిస్తుంది.

పడక పుండ్లు రాకుండా చూసుకోవడం మీదనే నాకు ఎక్కువ పట్టింపు, ఎందుకంటే అవి రెండు మూడు రోజుల్లో మొదలై నెలల తరబడి మానవు. శరీరం బరువు ఒకేచోట ఆనినప్పుడు ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం అందదు. అందుచేత తమంతట తాము కదలలేని వారిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు దొర్లిస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది కాబట్టి, వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా వాలుగా ఉంచితే చాలు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేటట్లు చూడాలి. రోజూ తుడిచేటప్పుడు నడుము కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, భుజాల వెనుక, తల వెనుక పరిశీలించాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కినప్పుడు ఎరుపు తగ్గకుండా అలాగే ఉంటే అది పుండుకు ఆరంభం. మనవంటి చామనచాయ, నలుపు చర్మాల మీద ఎరుపు కనబడకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లబడినా, వేడిగానో గట్టిగానో తగిలినా అనుమానించాలి. అక్కడ నూనె రాసి మర్దన చేయడం మన ఇళ్లలో అలవాటు, కానీ అప్పటికే నలిగిన చర్మం దానివల్ల ఇంకా దెబ్బతింటుంది. సర్జికల్ షాపుల్లో దొరికే ఎయిర్ బెడ్ మేలు చేస్తుంది గాని, అది ఉందని పక్క మార్చడం మానకూడదు.

పక్క మార్చేటప్పుడు మనిషిని ఈడ్చకూడదు. భుజాల నుంచి తొడల వరకు అడ్డంగా ఒక మడత దుప్పటి పరచి ఉంచి, ఇద్దరు చెరోవైపు ఆ దుప్పటిని పట్టి ఎత్తి జరిపితే చర్మం రాసుకోదు, మన నడుమూ నిలుస్తుంది.

బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి చివర. ఈ వరస తెలియక మొదటి వారంలో నేను జాకెట్టు తొడుగుతూ మా అత్తగారి కుడిచేతిని లాగాను. ఆ భుజం నొప్పి ఆమెను నెలల పాటు బాధించింది. పక్షవాతం వచ్చిన భుజానికి పట్టు ఉండదు, కీలు సులువుగా జారుతుంది కాబట్టి, ఆ చేతిని పట్టి ఎప్పుడూ లాగకూడదు, చంకల కింద చేతులు వేసి లేపకూడదు. ముందు బొత్తాలున్న వదులైన నూలు నైటీలు, మగవారికి లుంగీలు అనుకూలం.

తిండి విషయంలో భయపడవలసింది పొలమారడం గురించి. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, మనం కూడా వారి ఎదుట కూర్చుని చిన్న చెంచాతో పెట్టాలి. నిలబడి పెడితే వారు తల పైకెత్తవలసి వస్తుంది. చెంబుతో నీళ్లు ఎత్తి పోసే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. పక్షవాతం వచ్చినవారికి జావ కంటే మంచినీళ్లే ఎక్కువగా పొలమారతాయి, అందుచేత మింగే శక్తిని వైద్యులు పరీక్షించాకే నోటి ద్వారా ఏదైనా ఇవ్వాలి. మెత్తగా కలిపిన పెరుగన్నం, చిక్కని రాగి జావ వంటివి నోటిలో బాగున్న వైపు పెట్టి, ఒక ముద్ద మింగాకే రెండోది ఇవ్వాలి. తిన్న తరువాత బలహీనమైన వైపు బుగ్గలో మెతుకులు నిలిచాయేమో చూసి తీసివేయాలి. అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవారికి కూడా తలవైపు ఎత్తుగా ఉండాలి. తిన్నాక గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా వైద్యులకు తెలపాలి.

నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేయాలి. పుక్కిలించలేని వారిని పక్కకు తిప్పి, తడిపి గట్టిగా పిండిన గుడ్డతోనో మెత్తని బ్రష్షుతోనో తుడవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. కట్టుడు పళ్లను రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి. మధుమేహం ఉన్నవారి కాలిగోళ్లను మూలలు తవ్వకుండా తిన్నగా కత్తిరించాలి.

మూత్రానికి గొట్టం వేసినవారి సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే వేలాడాలి, అయితే నేలకు తగలకూడదు. మనిషిని తిప్పేటప్పుడు సంచిని మంచం మీదికి ఎత్తితే మూత్రం వెనక్కు పోతుంది. మూడింట రెండు వంతులు నిండక ముందే పారబోసి, ముందూ తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గొట్టం మడత పడకుండానే కొన్ని గంటలు మూత్రం రాక పొట్ట ఉబ్బినా, మూత్రంలో రక్తం కనబడినా ఆలస్యం చేయకూడదు. డైపరు వాడితే తడిసిన వెంటనే మార్చాలి. మూడు రోజులు విరేచనం కాకపోయినా చెప్పాలి. కొత్తగా మూతి వంకర పోయినా, ఊపిరి అందకపోయినా, పిలిస్తే పలకకపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి.

రాత్రి పక్క మార్చే వంతులను ఇంట్లోవారు పంచుకోవాలి. ఒక్కరే అన్ని రాత్రులూ లేస్తే నెల తిరగకుండా వారూ మంచం పడతారు. మేము ఒక నోటు పుస్తకంలో ఏ గంటకు ఏ పక్కకు తిప్పామో, ఎంత తాగారో, విరేచనం ఎప్పుడయిందో రాసేవాళ్లం, కొత్త ఆయా వచ్చినప్పుడు ముందు ఆ పుస్తకమే చేతికిచ్చేవాళ్లం. దాని మొదటి పేజీలో మా అత్తగారిని ఏమని పిలవాలో, ఏ పక్కకు తిరిగి పడుకుంటే ఆమెకు నిద్ర పడుతుందో రాసి ఉండేది.