పెట్రోలు విమానం తొలిసారి గాలిలోకి లేచే ముందు

బత్తాయి తోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు బాగుచేయడం నల్లగొండలో నా పని. రోజంతా టూ స్ట్రోక్ ఇంజన్ల మధ్యే ఉంటాను కాబట్టి, 20 సీసీ పెట్రోలు ఇంజనున్న రేడియో కంట్రోల్ విమానం కొన్నప్పుడు ఇంజను నన్ను భయపెట్టలేదు. నా మొదటి విమానం కూలింది ముక్కుకూ తోకకూ మధ్య తూకం తప్పి. అందుకే ముందుగా తూకం సంగతే చెబుతాను.

ప్రొపెల్లర్, బ్యాటరీలు, చక్రాలు అన్నీ బిగించాక, ట్యాంకు ఖాళీగా ఉంచి తూచాలి. నేను నిండు ట్యాంకుతో తూచాను. ట్యాంకు ముక్కు వైపు ఉంటుంది. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ముక్కు తేలికై, తోక బరువెక్కింది. దించడానికి వేగం తగ్గించగానే ముక్కు పైకి లేచింది, ఒక రెక్క వాలింది, విమానం బత్తాయి చెట్ల మీద పడింది. ఎక్కడ తూగాలో విమానంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా అది రెక్క ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య. వెడల్పు 14 అంగుళాలైతే మూడున్నర నుంచి నాలుగున్నర అంగుళాల దగ్గర అన్నమాట. అక్కడ రెండు రెక్కల కిందా వేళ్లు ఆనించి ఎత్తండి. ముక్కు కాస్త కిందికి వాలితే మంచిదే. తోక వాలితే మాత్రం ఎగరేయవద్దు. సీసం ముక్క అతికించే ముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడండి.

నూనె పాళ్లు ఇంజను తయారుచేసినవారు చెప్పినట్టే కలపండి. నాది 32కు 1, అంటే లీటరు పెట్రోలుకు 31 మిల్లీలీటర్లు. సిరంజితో కొలుస్తాను. సిలికాన్ గొట్టం పెట్రోలుకు ఉబ్బి పాడవుతుంది. గొట్టం, ట్యాంకు బిరడా రెండూ పెట్రోలుకు పనికొచ్చేవే కొనండి.

ఈ ఇంజన్ల అదురు చాలా ఎక్కువ. ఇంజను మరలకు అవి వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు (థ్రెడ్ లాకర్) రాయండి, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవరును స్పాంజిలో చుట్టండి. తర్వాత విమానం వెనుక నిలబడి, చేతిలోని ట్రాన్స్‌మిటర్ (రిమోట్) స్టిక్కు కుడికి నొక్కండి. కుడి ఎయిలెరాన్, అంటే కుడి రెక్క వెనకంచున కదిలే పలక, పైకి లేవాలి. స్టిక్కు వెనక్కి లాగితే ఎలివేటర్, అంటే తోక దగ్గరి అడ్డ పలక, పైకి లేవాలి. ఇంజను ఆపి ఉంచి ట్రాన్స్‌మిటర్ స్విచ్ ఆపేయండి. థ్రాటిల్ దానంతట అదే మూసుకోకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే థ్రాటిల్ మూసే ఏర్పాటు) మళ్లీ అమర్చాలి.

ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు తోకను గట్టి మేకుకు తాడుతో కట్టండి, ఇంకొకరిని పట్టుకోమనండి. చేతికి మందపాటి తొడుగు ఉండాలి. ఇగ్నిషన్ ఆపి, చోక్ మూసి, కార్బురేటర్ తడిసేదాకా ప్రొపెల్లర్ తిప్పండి. ఆపైన ఇగ్నిషన్ వేసి, ఒక్కసారి టప్పుమన్నాక చోక్ తెరిచి మళ్లీ తిప్పండి. ఇంజను అందుకోగానే అందరూ ప్రొపెల్లర్ వెనక్కి రావాలి. నీడిల్ (కార్బురేటర్‌లో పెట్రోలు పాళ్లు సరిచేసే మర) కూడా వెనుక నుంచే తిప్పాలి. పూర్తి వేగంలో ముక్కు ఆకాశం వైపు ఎత్తి పట్టుకోండి. ఇంజను తడబడితే హై స్పీడ్ నీడిల్ కొంచెం తెరవండి. కనీసం ఒక ట్యాంకు నేల మీదే తాగించాలని నా పట్టుదల. ట్రాన్స్‌మిటర్‌ను తక్కువ శక్తిలో పెట్టి, ముప్పై అంగలు దూరం నడిచి, సిగ్నల్ అందుతోందో లేదో పరీక్ష చేయండి. ఇంజను నడుస్తుండగా మరోసారి చేయండి.

వరి కోసిన మడి వద్దు, కొయ్యలకూ గట్లకూ చక్రాలు విరుగుతాయి. వేసవిలో ఎండి గట్టిపడిన చెరువు శిఖం మేలు, పైన కరెంటు తీగలు లేకుంటే చాలు. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఆకుపచ్చగా ఉందో లేదో ముందురోజే చూసుకోండి. అక్కడ కూడా 400 అడుగులు దాటకూడదు. పొద్దున ఆరింటికి గాలి నిమ్మళంగా ఉంటుంది.

గాలికి ఎదురుగా లేపండి. ఎత్తుకు వెళ్లాక, స్టిక్కు వదిలినా నేరుగా ఎగిరేలా ట్రిమ్ సరిచేసి, థ్రాటిల్ తగ్గించి విమానం ఏ వేగంలో పట్టు తప్పి వాలుతుందో పైనే తెలుసుకోండి. ఐదు నిమిషాలకు దించేయండి. దించగానే మరలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ బిగించి చూడండి. నాకు ఎప్పుడూ సైలెన్సర్ మరే వదులై కనిపిస్తుంది.