కండ, టెండాన్, ధమని: ఒంట్లోని పోగులను మైక్రోస్కోప్ కింద గుర్తుపట్టడం ఎలా?

ఒంట్లో పోగులన్నీ ఒక జాతివి కావు. కండర తంతువు అంటే ఒక నిండు కణం. కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు కణాలు కావు, కణాలు తయారుచేసి బయటికి వదిలిన ప్రోటీన్లు. నాడీ తంతువు నాడీకణం నుంచి పొడవుగా సాగిన భాగం. మైక్రోస్కోప్ కింద ఇవన్నీ సన్నటి దారాల్లాగే కనబడతాయి కాబట్టి రూపాన్ని మాత్రమే నమ్ముకుంటే పొరబడతాం. లాగితే ఏమవుతుంది, ఆమ్లం తగిలితే ఏమవుతుంది, పోలరైజర్ల (వెలుగును ఒకే దిశలో కంపించేలా వడకట్టే ఫిల్మ్‌ల) మధ్య పెడితే ఏమవుతుంది అన్నది చూడాలి. పోగు ఒంట్లో చేసే పని కూడా ఆ పరీక్షల్లోనే బయటపడుతుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి

100, 400 రెట్లు పెద్దవి చేసి చూపే మామూలు మైక్రోస్కోప్ చాలు. గాజు స్లైడ్లు, కవర్‌స్లిప్‌లు, రెండు సూదులు, ఫోర్సెప్స్, డ్రాపర్, ఫిల్టర్ పేపర్, 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉన్న తెల్ల వెనిగర్, 0.1 శాతం మిథిలీన్ బ్లూ, పోలరైజింగ్ ఫిల్మ్ ముక్కలు రెండు కావాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 0.9 గ్రాముల ఉప్పు కరిగించి ఉప్పునీరు చేసుకోండి. దీని బదులు మంచినీళ్లు వాడితే పచ్చి కణాల్లోకి నీరు చొరబడి అవి ఉబ్బి చెడిపోతాయి.

నమూనాలు మూడు: కోడి కాలి కండ, అదే కాలి టెండాన్ (కండను ఎముకకు కలిపే తెల్లటి పట్టీ), గొర్రె గుండెకు అంటుకుని ఉన్న బృహద్ధమని ముక్క. గడ్డకట్టించిన మాంసం వద్దు. మంచు స్ఫటికాలు తంతువులను చీల్చేస్తాయి, ఆ చీలికలను చూసి అసలు నిర్మాణమే అంత అనుకుంటాం. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

కండర తంతువు

పచ్చి కండ జారిపోతూ ఉంటుంది, సూదికి చిక్కదు. అందుకే చిన్న ముక్కను 5 నిమిషాలు ఉడికించండి. ప్రోటీన్లు గట్టిపడి తంతువులు తేలిగ్గా విడివడతాయి. పోగుల పొడవు వెంట మిల్లీమీటరు మందం కూడా లేని ఒక పేలిక తీసి, స్లైడ్ మీద ఉప్పునీటి చుక్కలో పెట్టండి. ఒక సూదితో ఒక కొస నొక్కిపట్టి, రెండో సూదితో పొడవునా దువ్వుతూ విడదీయండి. అడ్డంగా గీరితే తునకలే మిగులుతాయి. కంటికి వెంట్రుక కన్నా సన్నంగా కనబడేదాకా ఓపిక పట్టాలి. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే: ముక్క మందంగా ఉంటే వెలుగు దాటదు, ఎన్ని రెట్లు పెంచినా నల్లటి ముద్దే కనిపిస్తుంది.

మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి, 2 నిమిషాలాగి, ఫిల్టర్ పేపర్‌తో పీల్చేసి, కొత్త ఉప్పునీటి చుక్క మీద కవర్‌స్లిప్ దించండి. 400 రెట్ల దగ్గర డయాఫ్రమ్‌ను (స్లైడ్ కింద వెలుగును తగ్గించే ద్వారాన్ని) సగానికి పైగా మూయండి. వెలుగు ఎక్కువైతే తంతువుకు అడ్డంగా ఉండే చారలు కరిగిపోయినట్టు మాయమవుతాయి. ఒక్కో తంతువు మందం సాధారణంగా 10 నుంచి 100 మైక్రోమీటర్లు. దాని అంచు వెంబడి నీలంగా ఎన్నో కేంద్రకాలు కనబడతాయి. ఎదిగే దశలో చాలా కణాలు కలిసిపోయి ఒక్క తంతువు అయ్యాయనడానికి అదే గుర్తు. విశ్రాంతిలో ఉన్న కండలో చారల మధ్య దూరం 2 మైక్రోమీటర్లకు కాస్త ఎక్కువ. ఉడికినప్పుడు కండ ముడుచుకుంటుంది కనుక మీకు అంతకన్నా దగ్గరగా కనిపించవచ్చు, అది తప్పు కాదు.

టెండాన్: లాగి చూడండి

దీన్ని మాత్రం ఉడికించకూడదు. కొల్లాజెన్ 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కుంచించుకుపోతుంది, ఇంకా ఉడికితే జెలటిన్‌గా మారుతుంది. పచ్చి టెండాన్ నుంచి తెల్లగా మెరిసే పేలిక చీల్చి, రెండు ఫోర్సెప్స్‌తో పట్టుకుని లాగండి. దాదాపు సాగదు. కండ లాగిన బలాన్ని నష్టపోకుండా ఎముకకు చేరవేయడమే దాని పని మరి.

ఉప్పునీటిలో వదులుగా పెట్టి చూస్తే పోగుల్లో సన్నటి అలలు కనిపిస్తాయి. కొద్దిగా లాగితే అలలు తీరిపోతాయి. కుదుపు మొదటి దెబ్బను తట్టుకునేది ఆ వంపులే. అవి తీరిపోయాక కూడా లాగుడు పెరుగుతూ పోతే పోగులు చిట్లడం మొదలవుతుంది.

కొల్లాజెన్‌లో మూడు గొలుసులు పెనవేసుకుని ఉంటాయి. ఆ పెనను నిలబెట్టే హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తయారవడానికి విటమిన్ సి కావాలి. అది బాగా కొరవడితే వచ్చేదే స్కర్వీ: చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, మానిన గాయాలు కూడా మళ్లీ తెరుచుకుంటాయి.

ధమని, ఆమ్ల పరీక్ష

బృహద్ధమని నుంచి 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంగరం కోసి లాగి వదలండి. రబ్బరు బ్యాండులా వెనక్కి వస్తుంది. గుండె రెండు స్పందనల మధ్య ఆగినప్పుడు కూడా రక్తం ముందుకు కదులుతోందంటే ఈ వెనక్కి రావడమే కారణం. ఈ గుణం ఎలాస్టిన్‌ది. శరీరం దాన్ని చాలావరకు ఎదిగే వయసులోనే తయారుచేసుకుంటుంది, తర్వాత కొత్తది చేరేది చాలా తక్కువ. వయసు పెరిగేకొద్దీ ధమనులు బిరుసెక్కడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ధమని గోడ నుంచి పలుచని పొర ఒలిచి స్లైడ్ మీద పరిచి కవర్‌స్లిప్ వేయండి. ఒక అంచున వెనిగర్ చుక్క పెట్టి, ఎదుటి అంచున ఫిల్టర్ పేపర్ ఆనించండి. పేపర్ పీల్చేకొద్దీ వెనిగర్ లోపలికి పాకుతుంది. అంతసేపూ కంటిని ఐపీస్ మీదే ఉంచండి. కొల్లాజెన్ ఉబ్బి, పారదర్శకమై, అంచులు పోగొట్టుకుంటుంది. ఎలాస్టిన్ పోగులు, పలకలు చెక్కుచెదరవు, అప్పటిదాకా మరుగున పడ్డవి స్పష్టంగా తేలతాయి. టెండాన్ పేలికతో ఇదే చేస్తే దాదాపు మొత్తం గాజులా మారుతుంది. మార్పు కనబడకపోతే వెనిగర్ లోపలికి చేరలేదన్నమాట. పొర మందాన్ని అనుమానించండి.

పోలరైజర్లు

ఒక ఫిల్మ్ దీపం మీద, మరొకటి ఐపీస్ మీద పెట్టి, వెలుగు ఆరిపోయేదాకా ఒకదాన్ని తిప్పండి. వెనిగర్ తగలని పచ్చి టెండాన్ ఆ చీకట్లో మెరుస్తుంది. మెరవకపోతే స్లైడ్‌ను 45 డిగ్రీలు తిప్పండి. పోగు దిశ ఫిల్మ్ దిశతో కలిసినప్పుడు అది చీకటిలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్ స్లైడ్ వాడొద్దు, అది తానే రంగులు చూపిస్తుంది. దూది, బట్టల నూలు కూడా మెరుస్తాయి. చదునుగా, అక్కడక్కడ మెలితిరిగి ఉంటే పత్తి. మొదలు నుంచి చివర దాకా ఒకే మందంతో నున్నగా ఉంటే కృత్రిమ నూలు. అలాంటిది ఒక్కటే, దేనికీ అంటకుండా కనిపిస్తే కణజాలం లెక్కలో వేయకండి.

కాలేయం, ప్లీహంలో అల్లికగా ఉండే రెటిక్యులర్ పోగులు ఈ పద్ధతులకు దొరకవు, వాటికి వెండి లవణాలతో రంగు వేయాలి.

పని ముగిశాక మైక్రోస్కోప్‌లో స్లైడ్ పెట్టే స్టేజ్ మీద పడ్డ వెనిగర్, ఉప్పునీరు వెంటనే తుడవండి, లోహం తుప్పు పడుతుంది. పరికరాలు సబ్బుతో కడిగి, బల్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మిగిలిన మాంసాన్ని మూసిన సంచిలో పారేయండి. అది మళ్లీ వంటకు పనికిరాదు.