పాత బయొనెట్‌ను చదవడం, కాపాడడం, వెలకట్టడం: 1907 నమూనా ఆధారంగా

తుపాకి గొట్టం మొనకు తగిలించుకొనే కత్తిని బయొనెట్ అంటారు. ప్రపంచంలో వీటి రకాలు వందల్లో ఉన్నాయి కాబట్టి, సేకరణ మొదలుపెట్టేవారు దొరికిందల్లా కొనకుండా ఒక్క నమూనాను ఎంచుకొని దాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అందుకు బ్రిటిష్ 1907 నమూనాకు మించినది లేదు. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం తయారైన ఈ కత్తిని బ్రిటిష్, ఆస్ట్రేలియా, భారత సైన్యాలు వాడాయి. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా ఇది తయారైంది.

దీని అలుగు పొడవు 17 అంగుళాలు, అంటే సుమారు 43 సెంటీమీటర్లు; పిడితో కలిపితే దాదాపు 55 సెంటీమీటర్లు ఉంటుంది. జపాన్ వారి అరిసాకా బయొనెట్‌ను చూసి రూపొందించిన ఈ నమూనాకు 1908 జనవరిలో ఆమోదం లభించింది. అయినా అలుగు మీద 1907 అనే ఉంటుంది. కొత్తవారు చాలామంది ఆ అంకెను తయారీ సంవత్సరమని పొరబడతారు. అది నమూనా పేరు మాత్రమే. అసలు తేదీ దాని కిందనే నెల, సంవత్సరం రూపంలో ఉంటుంది: 8, ఆ పక్కన 16 అని కనిపిస్తే అది 1916 ఆగస్టు. అదే వైపున కిరీటం, రాజు పేరు, బిరుదుల తొలి అక్షరాలు, తయారీదారు పేరు కూడా కనిపిస్తాయి. ఈఆర్ అని ఉంటే 7వ ఎడ్వర్డ్, జీఆర్ అని ఉంటే 5వ జార్జ్. ఇషాపూర్ కత్తుల మీద జీఆర్ఐ (రాజు, చక్రవర్తి జార్జ్) అని ఉంటుంది. రెండో వైపున తనిఖీ ముద్రలు, ప్రభుత్వ సొత్తని తెలిపే బాణం గుర్తు, అలుగును వంచి పరీక్షించినట్లు చెప్పే ఇంటూ గుర్తు ఉంటాయి. మరమ్మతు చేసి మళ్లీ సైన్యానికిచ్చిన కత్తుల మీద ఆ సంవత్సరపు చివరి రెండంకెలు కూడా కొట్టి ఉండవచ్చు. అంగుళమున్నర చోటులో ఇమిడిన ఈ ముద్రలే ఆ కత్తి జీవితచరిత్ర, దాని విలువలో అధికభాగం కూడా.

తొలి రోజుల కత్తులకు పిడి ముందుండే అడ్డపట్టీ కింది కొస కొక్కెంలా ముందుకు వంగి ఉండేది. ఎదుటివాడి కత్తిని పట్టి మెలితిప్పడానికి అది పనికొస్తుందని భావించారు గాని, ఆచరణలో అడ్డమే ఎక్కువ కావడంతో 1913లో తీసివేశారు. అప్పటికే వాడుకలో ఉన్నవాటి కొక్కేలను కూడా మరమ్మతుకు వచ్చినప్పుడు చాలావరకు కోసేశారు. అందువల్ల కొక్కెం నిలిచిన కత్తి అరుదైనది, ఖరీదైనది. సహజంగానే నకిలీలూ ఎక్కువ. మామూలు కత్తికి కొక్కెం అతికి అమ్మేవారున్నారు. భూతద్దంతో అతుకు జాడ కోసం చూడండి, తేదీని సరిపోల్చండి. 1916 నాటి కత్తికి కొక్కెం ఉంటే దాన్ని అమ్మేవారికే వదిలేయండి. పిడి చివర నూనె, మురికి బయటికి పోవడానికి పెట్టిన చిన్న రంధ్రం యుద్ధకాలంలో వచ్చిన మార్పు. అందువల్ల కొక్కెం, రంధ్రం రెండూ ఉన్న కత్తిని మరింత నిదానంగా పరిశీలించాలి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పొడుగు అలుగు అవసరం లేదనుకొని ఇషాపూర్‌లో దాన్ని సుమారు 12 అంగుళాలకు కుదించారు. పాత కత్తిని కోసి పొట్టి చేసినదైతే అలుగు మధ్యలోని గాడి మొన దాకా సాగి అక్కడ తెగిపోయినట్లు కనిపిస్తుంది. కొత్తగా పొట్టిగా తయారైనవాటిలో గాడి లేని రకాలున్నాయి. ఎవరో పాడుచేసిన కత్తి అనుకొని కొందరు వీటిని పక్కన పడేస్తారు. మన దేశపు కర్మాగార చరిత్ర వీటిలోనే ఉంది కనుక నాకు ఇవే ఎక్కువ ప్రీతి.

కొనే ముందు అలుగును కంటికి సమాంతరంగా పట్టుకొని వంకర ఉందేమో చూడండి. పిడిలోని మీట నొక్కితే స్ప్రింగు తిరిగి రావాలి. వాల్‌నట్ చెక్క పిడి ముక్కలను పట్టి ఉంచే రెండు స్క్రూల తలల మీది గాడులు చెదిరిపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. మొన అరిగి గుండ్రబడిందా, వాదరను సానరాయి మీద పెట్టారా అన్నవి కూడా చూడాలి.

చట్టం సంగతి కొన్న తరువాత ఆలోచించేది కాదు. 2016 ఆయుధ నియమావళిలోని 5వ కేటగిరీలో బయొనెట్‌ను పేరు పెట్టి చేర్చారు. 1959 ఆయుధ చట్టం 4వ సెక్షన్ ప్రకారం కేంద్రం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటి ఆయుధాలు ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. మీ ప్రాంతానికి ఏది వర్తిస్తుందో పోలీసు కమిషనర్ కార్యాలయంలో గాని, కలెక్టరేట్‌లో గాని ముందే అడిగి తెలుసుకోండి. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తు చట్టం కూడా గుర్తుంచుకోవాలి. పురావస్తువును దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. విదేశాల్లో ఉన్న తెలుగువారు అక్కడ కొన్నదాన్ని సెలవులకు వస్తూ పెట్టెలో పెట్టుకొని రావాలనుకుంటే, దిగుమతి అనుమతి గురించి బయలుదేరక ముందే విచారించాలి.

ఇక కాపాడే పద్ధతి. నా మొదటి కత్తిని పూజ సామాను తోమినట్టే చింతపండుతో తోమి, ఆపై గరుకు కాగితం పట్టించాను. సాయంత్రానికి అలుగు తళతళలాడింది. నెలను తెలిపే అంకె మాత్రం శాశ్వతంగా పోయింది. ఆ నష్టం నేటికీ నన్ను బాధిస్తూనే ఉంది. ఉక్కు మీద ఏళ్ల తరబడి ఏర్పడిన నల్లని, బూడిదరంగు పొర మురికి కాదు. దాన్ని అలాగే ఉంచాలి. వేలికి ఎర్రగా అంటే పొడి తుప్పును మాత్రమే తొలగించాలి. పులుపు, సబ్బు నీళ్లు, గరుకు కాగితం, తిరిగే యంత్రపు బ్రష్షు ఏవీ వద్దు.

తుప్పున్న చోట కుట్టుమిషను నూనె వంటి పల్చని ఖనిజతైలం రాసి ఒక రోజు నాననిచ్చి, వెదురు పుల్లతోగాని, ఉక్కుకంటే మెత్తనైన రాగి రేకు అంచుతోగాని మెల్లగా గీకి, నూలు గుడ్డతో తుడవండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ నూనె రాసి మర్నాడు చూడండి; పదిసార్లు చేయవలసి వచ్చినా ఈ పనిలో ఓపికే సాధనం. ముద్రలున్న చోట గీకకుండా మెత్తటి బ్రష్షుతో సరిపెట్టుకోవాలి. శుభ్రమయ్యాక నూనె పూర్తిగా తుడిచి, మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పల్చగా పట్టించండి. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనల నుంచి వచ్చిన రెనైసాన్స్ వ్యాక్స్ ఈ కోవలోదే. కొబ్బరి నూనె, నువ్వుల నూనె కాలక్రమంలో జిగటగా మారి దుమ్మును పట్టుకుంటాయి కాబట్టి వాడకూడదు. దసరాకు ఆయుధపూజ చేసేవారు పసుపు, కుంకుమ బొట్లను నేరుగా ఉక్కు మీద పెట్టకుండా, కత్తి కింద పరచిన గుడ్డకు పెట్టడం మేలు. తడి బొట్టు కింద మచ్చ పడుతుంది. ఉత్తచేతులతో పట్టుకున్నా చెమటలోని ఉప్పు వేలిముద్రలను ఉక్కులో దింపుతుంది గనుక చేతికి తొడుగులు వేసుకోండి.

చాలామంది చేసే పెద్ద తప్పు, కత్తిని దాని తోలు ఒరలోనే ఏళ్ల తరబడి ఉంచడం. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తోలును పదును చేసినప్పటి (టానింగ్) ఆమ్లాలు అందులో మిగిలి ఉంటాయి. ఆ రెండూ కలిసి ఒర లోపలే ఉక్కును తినేస్తాయి. కత్తిని, ఒరను పక్కపక్కనే విడిగా పెట్టి, జత తెలిసేలా నూలుదారంతో చీటీలు కట్టండి. ఎర్రని పొడి రాలుతున్న తోలుకు నూనె పట్టిస్తే నల్లబడి కుట్లు వదులవుతాయి. దాన్ని తక్కువగా ముట్టుకోవడమే చికిత్స. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కనుక మూత గట్టిగా పట్టే పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ ఉంచి, తేమను 50 శాతం లోపు నిలిపి, వానాకాలంలో నెలకోసారి తీసి చూడాలి.

వెలకట్టేటప్పుడు అమ్మేవారు అడిగే ధరను లెక్కలోకి తీసుకోకండి. వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూసి, వాటికి కొనుగోలుదారు చెల్లించే కమీషన్‌ను కలిపి పోల్చండి. విల్కిన్సన్, శాండర్సన్ కంపెనీల కత్తులు లక్షల్లో తయారయ్యాయి కాబట్టి వాటికి మామూలు ధరే పలుకుతుంది. విక్కర్స్, మోల్ పేర్లున్నవి చాలా తక్కువగా తయారయ్యాయి కనుక అదే స్థితిలో ఉన్నా ఎక్కువ పలుకుతాయి. పిడి చివర రెజిమెంటు గుర్తు ఉంటే ఇంకా పెరుగుతుంది, కాలానికి సరిపోయే ఒర ఉంటే మరికొంత. తోమి మెరిపించిన అలుగు, సానపట్టిన వాదర, అరిగిన ముద్ర ధరను గట్టిగా దించేస్తాయి. “ఫలానా యుద్ధంలో ఫలానా సిపాయి వాడినది” అన్న కథకు పాత ఉత్తరం, సర్వీసు కాగితం వంటి ఆధారం లేకపోతే ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వవద్దు. మీ ఇంట్లోనే తాతగారి కత్తి ఉంటే, ఆయన గురించి పెద్దలకు తెలిసినది ఇప్పుడే రాయించి, వారి సంతకంతో కత్తి ఫోటోల పక్కన దాచండి. ప్రతి కత్తికీ ఒక పుట కేటాయించి, రెండు వైపుల ముద్రలను ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటోలు, కొలతలు, కొన్న తేదీ, ధర, రసీదు, చేసిన ప్రతి మరమ్మతు అందులో నమోదు చేయండి.