చెవి కుట్టించుకుంటే మైగ్రేన్ పోతుందా? నా అనుభవం

పర్లాకిమిడిలో చుట్టాలంతా ఇదే అడుగుతున్నారు. నెలలో సగం రోజులు ఎడమ కణత పోటు, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం. శొంఠి పట్టు, కొత్త కళ్లద్దాలు, చివరికి చెవి రంధ్రం పైనుండే గట్టి మడతకు డెయిత్ కుట్టు, ఏదీ నిలవలేదు. కుట్టాక మూడు వారాలు హాయిగా ఉంది, తర్వాత మళ్లీ మామూలే. పైగా చీము పట్టింది.

నాకు పనిచేసింది గోడ క్యాలెండర్. నొప్పి వచ్చిన రోజుకు సున్నా, మాత్ర వేసుకున్న రోజుకు గీత. నెలాఖరుకు గీతలు 19! ఆ కాగితం చూసిన డాక్టరుగారు, నెలకు 15 రోజులకు మించి నెలల తరబడి మింగితే నొప్పి మాత్రలే తలనొప్పి తెస్తాయన్నారు. ముందు అవి మాన్పించారు. మొదటి వారం నరకమే. తర్వాత మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలాల్ అనే మందు ఇచ్చారు. మూడో నెలలో సున్నాలు నాలుగే.

అందరికీ ఇలాగే తగ్గుతుందని చెప్పలేను. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు పడదు, డాక్టరుకు ముందే చెప్పండి.